తొట్టి కడిగావా అమ్మాయీ

మొగుణ్ణి పనికి సాగనంపాక ఆమె మొదట చేసే పని తొట్టి ఖాళీ చెయ్యడం.

స్నానాలగదిలో ఒక మూలంతా ఆక్రమించుకుని నడుమెత్తు సిమెంటు తొట్టి ఉంది. అడుగున బెజ్జం, బెజ్జానికి బిగించిన గుడ్డపీలిక. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మోచెయ్యి దాటేదాకా చెయ్యి ముంచి ఆ పీలిక లాగితే నీళ్ళు కాస్త ఆలోచించి, తర్వాత గుడగుడమంటూ గొట్టంలోకి దిగిపోతాయి. పన్నెండు బకెట్లు పట్టే తొట్టి. అది ఖాళీ అయ్యేలోపు వంటింట్లో మూడు బిందెలూ వంచేస్తుంది. పీచుతో తొట్టి లోపలి గోడలు నాచు అన్న మాటకే చోటు లేకుండా రుద్ది, కడిగి, పీలిక బిగించి కుళాయి విప్పుతుంది. నిండేదాకా పక్కనే నిలబడుతుంది. తర్వాత చెయ్యడానికి పెద్ద పనేమీ ఉండదు కనక ఆ నిలబడడంలో తొందర ఉండదు.

నిన్నటి నీళ్ళు ఇవాళ ముట్టుకోకూడదని వాళ్ళమ్మ పెట్టిన పద్ధతి. పెరటి తలుపు తీస్తే నిండుగా కాలవ పారే ఇంట్లో అది పద్ధతని కూడా ఎవరికీ అనిపించదు. పళ్ళు తోముకోవడం లాంటిదే. "తొట్టి కడిగావటే?" అని తెల్లారేసరికి అమ్మ వంటింట్లోంచి కేకేసేది. కడిగానని చెప్పాకే కాఫీ.

ఈ ఊరొచ్చి పదహారు రోజులు. ఆయన వెల్డరు. రైలుపట్టాల మీదుగా కొత్తగా కడుతున్న వంతెన మీద పని. రెండేళ్ళ పని. కంపెనీవాళ్ళ రేకుల షెడ్డులో పదిమంది మగవాళ్ళు పడుకుంటారు, అక్కడికి పెళ్ళాన్ని తెచ్చుకునే వీల్లేదు. ఊళ్ళో ఇల్లు అడిగితే, వంతెన పనివాళ్ళా, ఎక్కడివాళ్ళో ఏమిటో అని గుమ్మంలోనే సాగనంపేవాళ్ళు. నలభై రోజులు ప్రతి సాయంత్రం తిరిగితే ఈ పైవాటా దొరికింది. ఈ ఇల్లు ఉంటేనే వాళ్ళిద్దరూ ఒకచోట ఉంటారు. లేకపోతే ఆయన షెడ్డుకి, ఆమె పుట్టింటికి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనుకోరు.

కింద వాటాలో ఉండే ఇంటావిడ తాళంచెవి ఇచ్చేముందు వేళ్ళు మడిచి మరీ చెప్పింది. గోడలకి మేకులు కొట్టకూడదు. గేటుకి గొళ్ళెం వెయ్యడం మరవకూడదు. బట్టలు ముందువైపు ఆరెయ్యకూడదు. మెట్ల మీద చెప్పులు వదలకూడదు. చుట్టాలొస్తే రెండు రోజులు. అలా రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. నీళ్ళ గురించి ఒక్క వేలూ మడవలేదు.

కొత్తలో ఆమెకో ఆట అలవాటైంది. పొద్దుట్నించి సాయంత్రం దాకా తనతో ఎవరెవరు ఎన్ని మాటలన్నారో గుర్తుపెట్టుకోవడం. ఇంటావిడ రెండు రోజులకోసారి "గొళ్ళెం వేశావా?" అంటుంది. కొట్టువాడు "ఇంకేం కావాలి?" అంటాడు. మధ్యవాటాలో ఉండే నర్సమ్మ ఆస్పత్రి డ్యూటీకి పోతూ వస్తూ మెట్ల మీద ఎదురైనా గోడకేసి చూస్తూ తప్పుకుంటుంది. ఆయన సాయంత్రం వచ్చేసరికి మంట వెలుగుకి కళ్ళు చింతనిప్పుల్లా ఉంటాయి. తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని వాలిపోతాడు. ఆమె ఏదో చెబుతూ ఉంటుంది, ఊఁ కొడుతూ కొడుతూ ఊఁ ఆగిపోతుంది. ఆయన తప్పేం లేదు. కానీ ఒక్కోరోజు పడుకోబోయే ముందు లెక్క చూసుకుంటే ఆరు మాటలు తేలేవి, ఏడుపొచ్చేది.

ఆ ఆరింటిలో రెండు మూడు మెట్ల పెద్దమ్మవి. ఆ వీధిలో నాలుగైదు ఇళ్ళ మెట్లు ఊడ్చి తుడిచే మనిషి కాబట్టి అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఏడు కొట్టేసరికి గేటు చప్పుడవుతుంది. కింద బకెట్లు దించిన చప్పుడు. తర్వాత నలభై రెండు మెట్లూ మోకాళ్ళ మీద చేతులాన్చుకుంటూ ఎక్కి, పై గుమ్మం ముందు నిలబడి ఊపిరి తీసుకుని అడుగుతుంది.

"తొట్టి కడిగావా అమ్మాయీ?"

మొదటిసారి ఆ మాట వినగానే ఈ పిల్లకి ఒళ్ళు జల్లుమంది. ఇంతదూరం వచ్చినా అమ్మ అడిగే మాట అడిగేవాళ్ళు ఒకరున్నారు. ఆ రోజు నుంచి ఏడు కొట్టకముందే టీ పెట్టి ఉంచడం మొదలుపెట్టింది.

ఆ పదహారో రోజు కూడా అలాగే అడిగింది.

"ఇప్పుడే పీలిక లాగాను పెద్దమ్మా."

"మంచిది. నీ అంత శుభ్రమైన మనిషిని నేనెక్కడా చూళ్ళేదు."

"టీ తాగుదువుగాని, కూర్చో."

పెద్దమ్మ పై మెట్టు మీద కూర్చుని గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళ సందులు తడికి పాచి తెల్లగా ఉన్నాయి. మోకాలి నొప్పికి ఏదో నూనె రాస్తున్నానంది. ఆ నూనె నొప్పికి పనిచెయ్యలేదు గానీ దోమలు రావడం మానేశాయంది. ఇద్దరూ నవ్వుకున్నారు. టీ అయిపోగానే, "కింద పనుంది, వస్తా" అని లేచి పై మెట్టు నుంచి ఊడ్చుకుంటూ దిగిపోయింది. సర్రు సర్రుమనే చప్పుడు మెట్టు మెట్టుకీ చిన్నదవుతూ పోయింది.

ఆమె లోపలికొచ్చి కుళాయి విప్పింది. తొట్టి పావువంతు నిండిందో లేదో కుళాయి దగ్గింది, బుసకొట్టింది, ఆగిపోయింది. ఇంతకుముందు కూడా ఓ నాలుగైదుసార్లు ఇలాగే అలిగింది. అయితే అవన్నీ సాయంత్రాలు. తొట్టి నిండుగా ఉండేది కనక పట్టించుకోలేదు. కాసేపటికి అదే వస్తుందిలే అనుకుంది.

అప్పుడే కింద గొంతులు లేచాయి.

మెట్ల మలుపు దాకా దిగి తొంగిచూసింది. గేటు దగ్గర మెట్ల పెద్దమ్మ చెరో చేతిలో నిండు బకెట్టుతో నిలబడి ఉంది. ఎదురుగా ఇంటావిడ. పక్కన అప్పుడే రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన నర్సమ్మ, తెల్లచీరలో, రెండు చేతులూ ఒంటికి తగలనీకుండా ఎడంగా పట్టుకుని.

"పన్నెండు గంటలు రోగుల మధ్య ఉండి వచ్చాను. కుళాయి తిప్పితే గాలి వస్తోంది. ఈ చేతుల్తో అన్నం ఎలా కలుపుకోను?" అంటోంది నర్సమ్మ.

"చూశావుగా, నీళ్ళెక్కడికి పోతున్నాయో" అంది ఇంటావిడ, బకెట్లకేసి చూపిస్తూ. "ట్యాంకు కారుతోందేమోనని మనిషిని పిలిపించి వెతికించాను. పగులు లేదు, పాడు లేదు. రెండు వారాలుగా ఇదే వరస. మూడు రోజులకోసారి నీళ్ళొచ్చే ఊళ్ళో, మూడు వాటాలూ ఒక్క ట్యాంకుతో గడుపుకుంటుంటే, నిండు బకెట్లు మోసుకుపోతావా?"

"ట్యాంకు నేను ముట్టుకోలేదమ్మా. గొట్టంలోంచి వచ్చినవి పట్టుకున్నా."

"మురికి గొట్టంలో మంచినీళ్ళొస్తాయా? నేనేమన్నా చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చున్నానా?"

మెట్ల మలుపులో నిలబడ్డ పిల్ల ఆ మాటలే మళ్ళీ అనుకుంది. మూడు రోజులకోసారి. మూడు వాటాలకీ ఒక్క ట్యాంకు. మోచేతుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అవి చీరకి తుడుచుకుంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

మెట్ల పెద్దమ్మ తలెత్తి ఒక్కసారి పైకి చూసింది. చూపులు కలిశాయి. ఆవిడ వెంటనే తల దించుకుంది.

"అంతేనమ్మా. ఇంక నేను చెప్పేదేం లేదు" అంది.

"రేపట్నించి రానక్కర్లేదు. ఆ రెండు బకెట్లూ నర్సమ్మ గుమ్మంలో దించి మరీ వెళ్ళు."

ఆవిడ మారు మాట్లాడకుండా మధ్యవాటా దాకా మోసింది. మెట్టుకోసారి ఆగుతూ, ఒక్క చుక్క తొణక్కుండా. నర్సమ్మ గుమ్మంలో దించి, పమిటతో నుదురు తుడుచుకుని దిగిపోయింది. నాలుగు మెట్ల పైన నిలబడి ఈ పిల్ల అంతా చూసింది. నోరు తెరవాలనుకుంది. తెరవలేదు. గేటు గొళ్ళెం పడ్డ చప్పుడు విన్నాక గానీ ఊపిరి తీసుకోలేదు. తీసుకున్నందుకు సిగ్గేసింది.

సాయంత్రం ఆయన వచ్చి స్నానాలగదిలోకి వెళ్ళబోతే గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పింది. ఒక్క బకెట్టే వాడండి అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా.

"రోజూ పన్నెండు బకెట్లా?" అన్నాడు.

"బిందెలు కాకుండా."

ఆయన గోడకి చేరబడ్డాడు. "షెడ్డులో మనిషికి రెండు బకెట్లు ఇచ్చేవారు. కంపెనీవాడి పీనాసితనం అనుకున్నాను. ఊరే అంతని నాకు తట్టలేదు. తట్టుంటే నీకు చెప్పేవాణ్ణి" అన్నాడు.

"రేపు పొద్దున్నే ఇంటావిడకి చెప్పేస్తాను."

"చెప్పకు."

"ఆవిణ్ణి దొంగన్నారండీ. నా కళ్ళ ముందు."

"రేపట్నించి పారబొయ్యకు. నీళ్ళు సరిపోతాయి. అందరూ మర్చిపోతారు." ఆయన కళ్ళు నులుముకోబోయి చెయ్యి దించేశాడు. నులిమితే ఇంకా మండుతాయి. "ఆవిడకి నాలుగిళ్ళ మెట్లున్నాయి. మనకి ఉన్నది ఒక్క ఇల్లు. ఇది పోతే నిన్ను బండెక్కించి, నేను షెడ్డుకి పోవాలి. మళ్ళీ నెలకోసారి ఫోన్లో బాగున్నావా, బాగున్నాను."

ఆయన చెడ్డమాటేం అనలేదు. అదే కష్టంగా ఉంది. చెడ్డమాట అనుంటే పోట్లాడేది. తడిగుడ్డ పిండి ఆయన కళ్ళ మీద వేసింది. ఆయన కళ్ళు మూసుకునే చేత్తో తడుముతూ ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదిలించుకోవాలని లేదు. అలా పట్టుకునే ఉంటే నోరు విప్పడం తన వల్ల కాదని కూడా తెలుసు.

పదిహేడో రోజు ఏడు కొట్టింది. గేటు చప్పుడు కాలేదు. ఏడున్నర. టీ గ్లాసు మీద మీగడ కట్టింది. నీళ్ళొచ్చే రోజేమో, కింద మోటారు హోరుమని మొదలైంది. అయినా ఆమె కుళాయి విప్పలేదు. తొట్టి అడుగున నిన్నటి నీళ్ళే కాసిని ఉన్నాయి. జీవితంలో మొదటిసారి వాటితో ముఖం కడుక్కుంది. ఏమీ కాలేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఇదా, దీనికోసమా అనిపించి తొట్టి గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చినా ఏమిటమ్మాయీ అని అడిగేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క మనిషినీ తనే పోగొట్టుకుంది.

ముఖం తుడుచుకుని, చెప్పులేసుకుని, తాళం వేసింది. పిండిమర వెనక సందులో ఉంటానని పెద్దమ్మ ఎప్పుడో అంది. ఒంటరిగా కొట్టు దాటి వెళ్ళడం అదే మొదటిసారి. సందు మొదట్లోనే వీధికుళాయి కనిపించింది. దాని ముందు బకెట్లు, డబ్బాలు, మూతల్లేని డ్రమ్ములు. సందు మలుపు తిరిగి ఇంకా వెనక్కి సాగిన వరస. మనుషులకన్నా బకెట్లే ఎక్కువ. కుళాయికి దారం లావున వస్తోంది ధార. ఒక బకెట్టు నిండడానికి పట్టే సేపట్లో తన తొట్టి రెండుసార్లు ఖాళీ అవుతుంది. ఆ లెక్క వెయ్యకుండా ఉండలేకపోయింది.

మెట్ల పెద్దమ్మ వరస మధ్యలో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. ఈ పిల్లని చూసి ఆశ్చర్యపోలేదు.

"నీళ్ళు పారబోసింది నేను పెద్దమ్మా" అంది, ఇంకేమీ తోచక.

"నాకు తెలీదా ఏమిటి. ఆ గొట్టం కింద బకెట్లు పెట్టింది నేనేగా."

"మొదట్నించీ తెలుసా?"

"నువ్వు దిగిన మూడో రోజు నుంచి. మెట్ల కింద తుడుస్తుంటే గొట్టంలోంచి ధారగా వచ్చిపడ్డాయి, అద్దంలాంటి నీళ్ళు. బిందె పగిలిందేమోననుకున్నా. మర్నాడు మళ్ళీ అదే వేళకి." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "రెండు బకెట్లే నావి. మిగతావన్నీ మురిక్కాలవలోకే. చూస్తుంటే కడుపు తరుక్కుపోయేదనుకో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తావుగా." దాచుకోవడానికేమీ లేనట్టు అంది. "రెండు వారాలు ఈ వరసలో నిల్చోకుండా బతికాను. మోకాళ్ళకి అంత సుఖం ఎప్పుడూ లేదు. అంచేత దొంగతనం కాదని నేనెలా అనగలను? ట్యాంకు ముట్టుకోలేదంతే."

"నిన్న ఇంటావిడతో నా సంగతి చెప్పొచ్చుగా. నన్ను చూశావు కూడా."

"చెబితే ఎవరు నమ్ముతారమ్మాయీ? ఈ ఊళ్ళో నీళ్ళు దొంగిలించే మనిషి ఉందంటే నమ్ముతారు. పారబోసే మనిషి ఉందంటే ఎవరు నమ్ముతారు?"

ముందున్న బకెట్టు నిండింది. వరస ఒక్క అడుగు జరిగింది. పెద్దమ్మ లేచి, బకెట్టుని కాలితో ముందుకి తోసి, మళ్ళీ కూర్చుంది. ఈ పిల్ల పక్కనే నిలబడి, అడగాలా వద్దా అని తటపటాయించి చివరికి అడిగేసింది.

"రోజూ వచ్చి తొట్టి కడిగావా అని అడిగింది అందుకేనా?"

మెట్ల పెద్దమ్మ కొంగు అంచు పీచు లాగుతూ కూర్చుంది.

"మొదట్లో అందుకే" అంది.

వెనకనుంచి ఎవరో, జరగండి జరగండి అన్నారు. ఈ పిల్ల పక్కకి తప్పుకుంది. 'మొదట్లో' అన్న మాటని పట్టుకోవాలో, 'అందుకే' అన్న మాటని పట్టుకోవాలో తెలీక ఇంటిదారి పట్టింది.

దారిలోనే నిశ్చయించుకుంది. ఆయన మాట కాదనడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. గేటు తీసి, గొళ్ళెం వేసి, మెట్లెక్కకుండా తిన్నగా ఇంటావిడ గుమ్మంలోకి వెళ్ళింది. నర్సమ్మ కూడా అక్కడే కూర్చుని, నీళ్ళొచ్చినందుకు తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"పెద్దమ్మ దొంగతనం చెయ్యలేదండీ. నీళ్ళు నేనే పారబోశాను. రోజూ."

ఇంటావిడ ఆమెని కిందనుంచి పైదాకా చూసి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, జాలి నవ్వు.

"చిన్నపిల్లవి. ఆ ముసలిది నీ గుమ్మంలో కూర్చుని టీ తాగడం చూస్తూనే ఉన్నా. జాలి ఉండాలమ్మా, కానీ మరీ ఇంత పనికిరాదు. ఎవరన్నా నీళ్ళు పారబోసుకుంటారా?"

"మా ఇంట్లో రోజూ పారబోస్తామండీ."

"ఎందుకు?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "మీరొకసారి పైకి రండి" అంది.

ముగ్గురూ నలభై రెండు మెట్లెక్కారు. స్నానాలగదిలో ఇరుకుగా నిలబడ్డారు. తొట్టిలో జానెడు లోతు నీళ్ళు, అడుగున పీచు గీతలు కూడా కనిపించేంత తేటగా. ఆమె కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. చెయ్యి ముంచి, అలవాటైన పని కనక కళ్ళు మూసుకునే పీలిక దొరకబుచ్చుకుని లాగింది.

నీళ్ళు కాస్త ఆలోచించాయి. తర్వాత గుడగుడమన్నాయి.

"ఏయ్" అంది నర్సమ్మ. అనడంతోపాటే ఒక్క అంగలో వచ్చి, తొట్టి మీదకి వంగి, చెయ్యి ముంచి అరచేత్తో బెజ్జాన్ని నొక్కిపట్టింది. గుడగుడ ఆగింది. విరబోసుకున్న జుట్టు నీళ్ళలో పడింది. అలాగే వంగి, తల మాత్రం తిప్పి ఈ పిల్లకేసి చూసింది. ఆ చూపులో కోపం కన్నా భయం ఎక్కువుంది. పసిబిడ్డని గోడ అంచున నిలబెట్టినవాళ్ళకేసి అలా చూస్తారు.

"గుడ్డ ఇటివ్వు" అంది.

పదిహేడు రోజుల్లో నర్సమ్మ ఆమెతో అన్న మొదటి మాట అది.

ఇంటావిడ స్నానాలగది గడప మీద చతికిలబడింది. తొట్టికేసి చూసింది. తర్వాత చేతివేళ్ళకేసి చూసుకుంది.

"మేకుల సంగతి చెప్పాను. గొళ్ళెం సంగతి చెప్పాను. ఇది కూడా చెప్పాలని ఎవరికి తోస్తుందమ్మా?"

"తప్పైపోయిందండీ. మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నా..."

"ఖాళీ చేయించి, ఎందుకు చేయించావంటే వీధికి ఏమని చెప్పను? రెండు వారాలు నెత్తి మీద కూర్చుని తొట్లకి తొట్లు పారబోస్తుంటే నాకు తెలీలేదని చెప్పుకోనా? నన్ను చూసే నవ్వుతారు." లేచి కుచ్చిళ్ళు దులుపుకుంది. "ఉండండి. ఇంకోసారి ఆ పీలిక ముట్టుకున్నావంటే మాత్రం ఊరుకోను." గుమ్మం దాటబోతూ, వెనక్కి తిరక్కుండానే, "ఆ ముసలిదాన్ని రేపట్నించి రమ్మను. నువ్వే చెప్పు, నేను వెళ్ళి అడగలేను" అంది.

ఆమె మళ్ళీ పిండిమర సందుకి ఇంచుమించు పరుగెత్తింది. వరస తరిగిపోయింది, పెద్దమ్మ నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయిందట. ఇల్లెక్కడో చూపించమంటే, పనికి పోయుంటుంది, ఇప్పుడుండదన్నారు. కుళాయి దగ్గర మిగిలిన ఒకావిడతో, పైవాటా అమ్మాయి రమ్మందని చెప్పండి, ఇంటావిడే పిలిచారని చెప్పండి అని రెండుసార్లు చెప్పి వచ్చింది.

సాయంత్రం ఆయనకి గుమ్మంలోనే చెప్పేసింది. చెప్పడం పూర్తయ్యేదాకా ఆయన చేతిసంచి భుజాన్నుంచి దించలేదు.

"అయితే ఉంటామా?"

"ఉంటాం."

సంచి దించాడు. కుర్చీలో కూర్చున్నాడు. "మంచి పని చేశావని అనలేను. దారంతా నీ సామాన్లు కట్టినట్టే కనిపిస్తోంది నాకు నిన్నట్నించీ" అన్నాడు. "కానీ నేనైతే చెప్పుండేవాణ్ణి కాదు. అది కూడా నిజమే" అన్నాడు. ఆ రోజు తడిగుడ్డ వేసుకున్నాక కూడా చాలాసేపు ఊఁ కొట్టాడు.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే టీ పెట్టింది. ఏడు కొట్టకముందే గుమ్మం తలుపు తీసి నిలబడింది. గేటు చప్పుడైంది. బకెట్లు దించిన చప్పుడు కాలేదు. చీపురు చప్పుడూ లేదు. ఉత్త అడుగులే. ఆమె మెట్లు లెక్కపెట్టింది. ఇరవై ఒకటో మెట్టు దగ్గర, నర్సమ్మ గుమ్మం ముందు ఆగాయి. అక్కణ్ణించి వెనక్కి తిరుగుతాయేమో అనుకుంది. తిరగలేదు. మోకాళ్ళ మీద చేతులాన్చుకుంటూ పైకి వచ్చాయి.

"చీపురు తీసుకుపోదామని వచ్చా. మెట్ల కింద ఉండిపోయింది" అంది మెట్ల పెద్దమ్మ, ఊపిరి తీసుకుంటూ.

"తీసుకుపోవడమేమిటి? ఇవాళ్టినుంచి రావా? ఇంటావిడ రమ్మన్నారు. అంతా చెప్పేశాను."

"విన్నాను. నర్సమ్మ కళ్ళారా చూసిందటగా, సందంతా అదే కథ. ఇప్పుడు నమ్ముతున్నారులే." పై మెట్టు మీద కూర్చుంది. "రమ్మని ఆవిడ నీతో అంది. నాతో అనలేదు. దొంగ అన్నది మాత్రం నాతోనే అంది."

"నేను మళ్ళీ వెళ్ళి చెబుతాను."

"వద్దు అమ్మాయీ. పిండిమర ఎదురుగా ఓ ఇల్లు చూసుకున్నా. పన్నెండే మెట్లు. మోకాళ్ళకి అదే నయం."

గ్లాసు ఇచ్చింది. పెద్దమ్మ రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా తాగింది. కింద పనుందని తొందరపడలేదు. నూనె సంగతి అడుగుదామనుకుంది ఈ పిల్ల, అడిగితే నవ్వాల్సొస్తుందని ఊరుకుంది. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. అది అందుకునేదాకా ఇద్దరూ విన్నారు.

పెద్దమ్మ ఖాళీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. రెండు మెట్లు దిగింది. ఆగి వెనక్కి తిరిగింది.

"తొట్టి కడిగావా అమ్మాయీ?"

ఈ పిల్ల గుమ్మం పక్కనున్న ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"లేదు పెద్దమ్మా. నిన్నటి నీళ్ళే ఉన్నాయి."

"ఉండనీ" అంది పెద్దమ్మ. మిగిలిన నలభై మెట్లూ దిగింది.

ఆమె లోపలికి పోయి కిటికీలోంచి చూసింది. రేపు ఏడింటికి ఈ గుమ్మం ముందు ఎవరూ ఆగరు. మెట్ల పెద్దమ్మ గేటు దాటి, వెనక్కి తిరిగి, గొళ్ళెం జాగ్రత్తగా వేసి పిండిమర వైపు నడిచింది. చంకలో చీపురుంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.